థీసిస్ మధ్యలో ఆగిపోయిందా? సబ్‌మిషన్ దాకా ఇలా వెళ్ళండి

పీహెచ్‌డీ కోర్సువర్క్ అయిపోయి, డేటా చేతికొచ్చి, నాలుగో ఏడో ఐదో ఏడో నడుస్తూ, థీసిస్ మాత్రం రెండు మూడు చాప్టర్ల దగ్గర ఆగిపోయిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్ళలోనూ పద్మావతి మహిళా యూనివర్సిటీలోనూ ఇలాంటివాళ్ళు నాకు చాలామంది తెలుసు, పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో చిత్తూరు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చి సాయంత్రానికి వెనక్కిపోయే పార్ట్‌టైం స్కాలర్లు కూడా తెలుసు. వీళ్ళలో తెలివి లేనివాళ్ళు లేరు, పని దొంగలు అసలే లేరు. ఇంకొంచెం చదివాక రాద్దాం, ఇంకో ఊరి డేటా కూడా వచ్చాక రాద్దాం, బాగా కుదిరాక గైడ్‌కి చూపిద్దాం అనుకుంటూ ఉండిపోతారు, దాదాపు అందరి దగ్గరా కారణం ఇదే. నేను చెప్పేది ఒకటే: రాసిన కాగితాలు, బాగున్నా బాగోకపోయినా, గైడ్ చేతికి వెళ్తూ ఉండాలి. అలా వెళ్తున్నవాళ్ళ థీసిస్ పూర్తవుతుంది. ఆ పని ఎలా జరిపించుకోవాలో కింద చెబుతాను.

ముందు అడ్మిషన్ లెటర్ బయటికి తీయండి

చాలామందికి తమకు ఇంకెంత టైం మిగిలిందో సరిగ్గా తెలియదు, ఎవరో సీనియర్ చెప్పినదాన్ని నమ్ముకుని ఉంటారు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నవంబర్‌లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్సువర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్ళు, అడ్మిషన్ తేదీ నుంచి గరిష్ఠంగా 6 ఏళ్ళు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2 ఏళ్ళ దాకా ఇవ్వొచ్చు, మొత్తం 8 దాటకూడదు. మహిళలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్ళకూ మరో 2 ఏళ్ళ వెసులుబాటు ఉంది, అంటే మొత్తం 10. ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు మహిళా స్కాలర్లకు పీహెచ్‌డీ మొత్తంలో 240 రోజుల దాకా ఇవ్వొచ్చు. ఈ నిబంధనలు రాకముందే రిజిస్టర్ అయినవాళ్ళకు 2009వో 2016వో పాత నిబంధనలు వర్తిస్తాయి, కాబట్టి మీది ఏ సంవత్సరం నోటిఫికేషన్ కిందికి వస్తుందో రీసెర్చ్ సెక్షన్‌లో అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకోండి. లెక్క మొదలయ్యేది అడ్మిషన్ తేదీ నుంచి. మీరు పని మొదలుపెట్టిన రోజో, కోర్సువర్క్ పాసైన రోజో కాదు.

డబ్బు లెక్క కూడా ఇప్పుడే వేయాలి. యూజీసీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్ళకు మొదటి 2 ఏళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000, మొత్తం 5 ఏళ్ళతో అయిపోతుంది. థీసిస్ గడువు 6 ఏళ్ళు, ఫెలోషిప్ గడువు 5 ఏళ్ళు. ఆ చివరి ఏడాదిలోనే చాలామంది ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో చేరిపోతారు, ఇంటి పరిస్థితి అలాంటిదైతే తప్పదు, నేను తప్పు పట్టను. కానీ చేరకముందే డేటా చాప్టర్ల మొదటి డ్రాఫ్టులు గైడ్ దగ్గర ఉండేలా చూసుకోండి. ఈ కాలేజీల్లో పాఠాలు చెప్పడంతో పని అయిపోదు, వేసవి వచ్చిందంటే అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగమంటారు, ఇన్విజిలేషన్ డ్యూటీలు వేస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి కొత్తగా ఒక చాప్టర్ మొదలుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఉన్న చాప్టర్‌ని దిద్దే ఓపిక మాత్రం ఉంటుంది.

గడువు తేదీ తెలిశాక అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నా ఉద్దేశంలో చివరి ఆరు నెలలు రాతకు లెక్కలోకి తీసుకోకూడదు. గైడ్ మొత్తం చదవడం, ప్రీ-సబ్‌మిషన్ ప్రెజెంటేషన్, దాంట్లో చెప్పిన మార్పులు, ప్లేజియారిజం (కాపీ) చెక్, టైపింగు సరిచూసుకోవడం, బైండింగు, బకాయిలు లేవని నో డ్యూస్ సంతకాలు, ఫీజు రసీదులు, ఇవన్నీ కలిసి ఆ ఆరు నెలల్నీ తినేస్తాయి. మిగిలిన నెలల్ని చాప్టర్ల మధ్య పంచి, తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి గైడ్‌కి ఒకటి ఇచ్చి మీరొకటి గోడకు అంటించుకోండి.

థీసిస్‌లో ఏముంటుంది, ఏముండదు

ఒకే ఒక్క పేజీలో మీ థీసిస్ మొత్తం రాయండి. నేను అడుగుతున్న ప్రశ్నలు ఇవి, ఈ ప్రశ్నకు జవాబు ఈ చాప్టర్‌లో ఉంది, ఆ జవాబు ఇది. అంతే. ఇది మొదట్లో మీరిచ్చిన సినాప్సిస్ కాదు, దాన్ని తీసి కాపీ చేయొద్దు. సినాప్సిస్ రాసినప్పటికి మీకు ఏమీ తెలియదు, ఇప్పుడు తెలుసు. పేజీలో ఏ ప్రశ్నకైనా జవాబు రాయలేకపోతే మీ పని అక్కడ మిగిలి ఉందని అర్థం. ఏ చాప్టరైనా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకపోతే ఆ చాప్టర్ అక్కర్లేదు, ఎంత కష్టపడి సేకరించినా సరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిత్తూరు తోతాపురి రైతుల మీదా పల్ప్ ఫ్యాక్టరీల మీదా ఎకనామిక్స్‌లో ఒకరు పనిచేస్తున్నారనుకోండి. ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, ర్యాంపులో (వ్యాపారులు కాయ కొనే చోట) అమ్ముకునే రైతుకూ నేరుగా ఫ్యాక్టరీకి తోలే రైతుకూ చేతికొచ్చేదాంట్లో తేడా ఎంత, చిన్న కమతాల వాళ్ళు ఏ దారి ఎందుకు ఎంచుకుంటున్నారు. మూడు ప్రశ్నలు, మూడు చాప్టర్లు, సరిపోయింది. ఆ స్కాలర్ డేటా 2023 సీజన్ దాకా ఉంది. ఇంతలో 2025 సీజన్‌లో ధర పడిపోయింది, కిలోకి 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలనీ, పైన 4 రూపాయలు తను ఇస్తాననీ ప్రభుత్వం ప్రకటించింది, రైతులు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో బారులు తీరారు. ఇంత పెద్ద సంగతి జరిగితే వదిలేయడమా, మళ్ళీ ఫీల్డ్‌కి వెళ్ళాలి కదా అనిపిస్తుంది. వెళ్ళకూడదు. మామిడి ప్రతి ఏడూ కాస్తుంది, ప్రతి ఏడూ ఏదో ఒకటి జరుగుతుంది, థీసిస్‌కి మాత్రం ఒక సంవత్సరం దగ్గర గీత గీయాలి. మెథడాలజీ చాప్టర్‌లో ఈ అధ్యయనం ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు అని స్పష్టంగా రాసి, 2025 సంగతిని చివరి చాప్టర్‌లో ముందు ముందు పరిశోధించాల్సిన అంశంగా ఒక పేరాలో పెట్టండి. పీహెచ్‌డీ వచ్చాక దాని మీదే మంచి పేపర్ రాయొచ్చు.

ఇక్కడ పనిచేసే వాళ్ళకు ఇంకో చిక్కుంది, దీన్ని మన స్కాలర్లు చాలామంది పట్టించుకోరు, వైవాలో (చివరి మౌఖిక పరీక్షలో) మాత్రం కచ్చితంగా అడుగుతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు చిత్తూరు జిల్లా అంటే ఒకటి, ఆ తర్వాత చిత్తూరు జిల్లా అంటే వేరొకటి. తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి, దానికి నెల్లూరు నుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి వచ్చి కలిశాయి, మదనపల్లె, పీలేరు వైపు అప్పుడు అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళాయి. 2011 జనాభా లెక్కలు పాత జిల్లావి, మీరు 2023లో వ్యవసాయ శాఖ నుంచి తెచ్చుకున్న లెక్కలు కొత్త జిల్లావి. రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి 'సాగు విస్తీర్ణం తగ్గింది' అని రాస్తే మొత్తం విశ్లేషణే తప్పవుతుంది. మండలాల వారీ లెక్కలు తీసుకుని పాత జిల్లా హద్దుల ప్రకారం కూడుకోవడం ఒక పద్ధతి, లేదంటే మీరు తీసుకున్న మండలాలకే పరిమితమై జిల్లా మాట ఎత్తకపోవడం ఇంకో పద్ధతి. ఏది చేసినా మొదటి చాప్టర్‌లోనే ఒక మ్యాపుతో చెప్పేయండి.

ఏడాదికి ఒక్కసారే దొరికే ఫీల్డ్ అయితే లెక్క వేరు. తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద పనిచేసే ఫోక్‌లోర్ స్కాలర్‌కి వేషాల గురించిన రికార్డింగులు తక్కువ పడ్డాయనుకోండి, మే నెల దాటితే మళ్ళీ మే దాకా ఆగాలి. అలాంటప్పుడు కూడా రాయడం ఆపకూడదు, ఖాళీలు వదిలి రాయాలి, ఫలానా వేషం కట్టేవాళ్ళ మాటలు ఇక్కడ వస్తాయి అని పసుపు రంగు పూసి ముందుకు వెళ్ళాలి. అలా రాసినప్పుడే జాతరలో ఎవరిని ఏం అడగాలో సరిగ్గా తెలుస్తుంది.

రాయడం

మొదటి చాప్టర్‌తో మొదలుపెట్టకండి. ఇంట్రడక్షన్ అన్నింటికన్నా కష్టమైన చాప్టర్, మొత్తం అయ్యాక గానీ దాంట్లో ఏం రాయాలో తెలియదు. మెథడాలజీతో మొదలుపెట్టండి, అది మీరు చేసిన పనిని చేసినట్టు చెప్పడమే, ఎవరినీ కోట్ చేయనక్కర్లేదు. ఏ ఊళ్ళు, ఎందుకు ఆ ఊళ్ళే, ఎంతమందిని, ఎలా ఎంచుకున్నారు, ఏం అడిగారు, ఎవరు జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు. సైన్స్ వాళ్ళైతే ఏ పరికరం, ఏ రసాయనం, ఏ ఉష్ణోగ్రత. వారం రోజుల్లో ఒక రూపం వస్తుంది, అది గైడ్‌కి ఇచ్చేయండి. తర్వాత డేటా చాప్టర్లు, ఆ తర్వాత లిటరేచర్ రివ్యూ, ఆఖరున కన్‌క్లూజన్, ఇంట్రడక్షన్.

డేటా చాప్టర్ ముందు కూర్చుని ఏం రాయాలో తోచకపోతే ఒక్క పట్టిక తీసుకోండి. ఒక్కటే. ముందు పట్టిక ఏం చెబుతోందో రాయండి, పట్టికలో ఉన్న అంకెలన్నీ మళ్ళీ మాటల్లో రాయకుండా కొట్టొచ్చినట్టు కనిపించే ఒకటి రెండు విషయాలే. అలా ఎందుకుందో ఫీల్డ్‌లో మీరు విన్నదాన్ని బట్టి రాయండి. ఇదే విషయం మీద ఇంతకుముందు పనిచేసినవాళ్ళు ఏమన్నారో, మీది వాళ్ళతో కలుస్తోందా తేడాగా ఉందా అన్నది రాయండి. తేడా ఉంటే దానికి మీ జవాబేమిటో రాయండి. రెండు పేజీలు వస్తాయి. ఇలా పట్టిక తర్వాత పట్టిక. ఈ పని పొద్దున్నే మెస్‌లో టిఫిన్‌కి ముందు రెండు గంటలు చేస్తే చాలు, ఫోన్ పక్క గదిలో ఫ్రెండ్ దగ్గర పెట్టేసి. రోజంతా లైబ్రరీలో కూర్చున్నా ఈ రెండు గంటలంత పని జరగదు, సాయంత్రాలు రెఫరెన్సులకూ పట్టికలు దిద్దడానికీ వాడుకోండి. రెఫరెన్సులు చేత్తో టైపు చేసుకుంటూ పోకుండా జోటెరో అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, ఉచితం, ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. చివర్లో స్టైల్ మార్చమన్నా ఒక్క క్లిక్కుతో మారిపోతుంది.

తెలుగు మీడియంలో చదువుకుని ఇంగ్లీషులో థీసిస్ రాయాల్సిన వాళ్ళు మనవైపు చాలామంది. పల్లెల్లో చదువుకుని, డిగ్రీ కూడా తెలుగులోనే చేసి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోయి తమకు సబ్జెక్టే రాదేమో అనుకుంటారు. మీకు సబ్జెక్టు వచ్చు. వాదన మొత్తం ముందు తెలుగులో రాసుకోండి, వచ్చిన భాషలో, ఇంగ్లీషు పదాలు కలిసినా ఫర్వాలేదు. అది నిలబడిందా లేదా చూసుకున్నాక చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులోకి మార్చండి. పెద్ద వాక్యాలు రాస్తే గొప్పగా ఉంటుందని ఎవరైనా చెబితే వినకండి. చాట్‌జీపీటీ లాంటివాటితో చాప్టర్లు రాయించుకోవడం మాత్రం వద్దు. లేని పుస్తకాలకు, లేని పేపర్లకు అవి రెఫరెన్సులు పుట్టిస్తాయి, ఒక్క దొంగ రెఫరెన్సు ఎగ్జామినర్ కంట పడితే మిగతా థీసిస్ మొత్తాన్ని అనుమానంతోనే చదువుతారు. వైవాలో అది మీ వాదన కాదని రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఎంత పొడుగు ఉండాలి, ఏ తీరున ఉండాలి అన్న టెన్షన్ ఉంటే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారం శోధ్‌గంగలోకి వెళ్ళి మీ డిపార్ట్‌మెంట్ నుంచే డిగ్రీ వచ్చిన థీసిస్‌లు రెండు దించుకుని చూడండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ దాన్ని నడుపుతుంది, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఎక్కువమందికి చూశాక ధైర్యం వస్తుంది, ఇంతేనా, ఇది నేనూ రాయగలను అని. సంస్కృతం, తెలుగు, చరిత్ర వాళ్ళకు తిరుపతిలో ఉన్నంత సామగ్రి చాలా చోట్ల ఉండదు. ఎస్వీయూ ప్రాచ్య పరిశోధనాలయం 1939లో టీటీడీ మొదలుపెట్టింది, అక్కడ తాళపత్రాలున్నాయి, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం లైబ్రరీ ఉంది, తిరుమల శాసనాలు టీటీడీ సంపుటాలుగా వేసి ఉన్నాయి. ఇంత ఉండటం కూడా ఒక ప్రమాదమే, చదువుతూ పోతే ఏళ్ళు గడుస్తాయి. మీ ఒక్క పేజీలో ఉన్న ప్రశ్న చేతిలో పెట్టుకుని లోపలికి వెళ్ళండి, దాని జవాబుతో బయటికి రండి.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఇంకొకటి చెప్పాలి, ఇది బయటి ఊళ్ళ స్కాలర్లకు అర్థం కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవుల్లో, చుట్టాలు, చుట్టాల చుట్టాలు అందరూ ఫోన్ చేస్తారు. 'నువ్వు అక్కడే ఉన్నావు కదా, దర్శనం టికెట్లు చూడు, రూము చూడు, స్టేషన్‌కి రా.' ఉద్యోగం ఉంటే సెలవు లేదని చెప్పొచ్చు, స్కాలర్ అంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క వాళ్ళకి. ముఖ్యంగా ఆడపిల్లలకు ఇది చాలా బరువు, ఊళ్ళోనే కాపురం ఉంటే వచ్చినవాళ్ళకు వంట కూడా చేయాలి. చెప్పేయండి, నొచ్చుకుంటే నొచ్చుకోనీ: 'అత్తా, ఈ ఆరు నెలలు నేను సబ్‌మిషన్‌లో ఉన్నాను, టికెట్లు టీటీడీ వెబ్‌సైట్లో మీరే తీసుకోవాలి, అయిపోయాక నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.' వీలైతే ఇంట్లో కాకుండా డిపార్ట్‌మెంట్‌లోనే రాసుకోండి, ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళను పనిలో ఉన్నట్టు ఎవరూ అనుకోరు.

గైడ్‌తో

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే, థీసిస్‌లు ఎక్కువగా ఆగేదీ ఇక్కడే. రెండు నెలలు ఏమీ రాయలేదని సిగ్గుపడి డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళరు, సార్ కనిపిస్తే ఇంకో మెట్ల దారి చూసుకుంటారు, అలా రెండు నెలలు ఆరు నెలలవుతాయి, ఆరు నెలల తర్వాత వట్టి చేతులతో వెళ్ళడం ఇంకా కష్టం. మీరు అనుకున్నంతగా ఆయన మీ గురించి ఆలోచించడం లేదు. ఆయనకు క్లాసులు, వాల్యుయేషన్, నాక్ గుర్తింపు ఫైళ్ళు, ఇంకో నలుగురు స్కాలర్లు ఉంటారు. వెళ్ళి ఇలా చెప్పండి: 'సార్, ఈ మధ్య రాయలేకపోయాను. మెథడాలజీ పన్నెండు పేజీలు తెచ్చాను. మంగళవారం ఫస్ట్ అవర్ తర్వాత వచ్చి కలవమంటారా?' కారణాలు చెప్పుకుంటూ నిలబడొద్దు, కాగితాలు చేతిలో పెట్టండి.

మెయిల్‌లో వంద పేజీల ఫైలు పంపితే ఎవరూ చదవరు. ప్రింటు తీయండి, లైన్ల మధ్య చోటు వదలండి, పది పదిహేను పేజీలకు మించకుండా ఇవ్వండి, పైన ఒక కాగితం మీద మీకు కావలసిన జవాబులు రెండు మూడు ప్రశ్నలుగా రాయండి. 'ఈ పట్టిక ఉంచాలా తీసేయాలా', 'ఈ వాదనకు ఈ డేటా సరిపోతుందా'. ప్రశ్న ఉంటే జవాబు వస్తుంది, లేకపోతే 'బాగానే ఉంది, ఇంకొంచెం డెవలప్ చెయ్యి' అంటారు, ఆ మాటతో ఏమీ చేయలేం. కలిసొచ్చిన సాయంత్రమే, మేడమ్, ఈరోజు మీరు చెప్పినవి ఇవీ, నేను ఫలానా తేదీకి ఇవి చేసి తెస్తాను అని వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ పెట్టండి. ఆరు నెలల తర్వాత 'నేను ఇలా చెప్పలేదే' అన్నప్పుడు అది మర్యాదగా చూపించడానికి పనికొస్తుంది.

ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలని నిబంధనల్లో ఉంది. చాలా చోట్ల అది సంతకాల తంతుగా జరుగుతుంది, మీరు మాత్రం దాన్ని అలా వదలకండి. రాసిన చాప్టర్ పట్టుకెళ్ళి మిగతా సభ్యులతోనూ చదివించుకోండి, గైడ్ తేల్చని విషయం కమిటీలో తేలుతుంది, మినిట్స్‌లో నమోదవుతుంది. గైడ్ రిటైర్మెంట్ తేదీ కూడా తెలుసుకోండి. 2022 నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్ళ లోపు మిగిలినవాళ్ళు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు, ఉన్న స్కాలర్లకు మాత్రం రిటైర్ అయ్యేదాకా గైడ్‌గానూ, ఆ తర్వాత 70 ఏళ్ళు వచ్చేదాకా కో-గైడ్‌గానూ కొనసాగొచ్చు. అంటే రిటైర్ అయ్యాక మీకు ఇంకో గైడ్ కావాలి, ఆ కాగితాలు ముందే కదిలించాలి.

గైడ్ చదవడమే లేదు, లేదా ఇంటి పనులు చెబుతున్నారు, డబ్బు అడుగుతున్నారు, ఇంకా అంతకన్నా ఘోరంగా ప్రవర్తిస్తున్నారు అన్నప్పుడు ఓర్చుకోమని నేను చెప్పను. తేదీలతో రాసి పెట్టుకోండి, మెసేజ్‌లు దాచండి, నమ్మకమైన ఇంకో ప్రొఫెసర్‌తో మాట్లాడండి, గైడ్ మార్పు కోసం కమిటీకి అర్జీ పెట్టండి. లైంగిక వేధింపులైతే ప్రతి యూనివర్సిటీలోనూ ఇంటర్నల్ కమిటీ ఉండాలి, మిగతా ఫిర్యాదులకు గ్రీవెన్స్ కమిటీ, ఆపైన అప్పీలు వినే ఆంబుడ్స్‌పర్సన్ ఉండాలని 2023 యూజీసీ నిబంధనల్లో ఉంది. ఒంటరిగా మోయకండి.

నిద్ర పట్టకపోవడం, పుస్తకం తెరిస్తే గుండె దడ, ఇంటికి ఫోన్ చేస్తే 'ఇంకా అయిపోలేదా నాయనా' అంటారని ఫోనే చేయకపోవడం, ఇవి వారాల తరబడి ఉంటే థీసిస్ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పీహెచ్‌డీ మధ్యలో ఆపేయాలనిపించినా తప్పు లేదు, కానీ ఆ నిర్ణయం నిద్రలేని రాత్రి తీసుకోవద్దు, బాగా తేరుకున్నాక తీసుకోండి.

టైపింగు, ప్లేజియారిజం

తెలుగులో థీసిస్ రాసేవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. చేత్తో రాసి బయట డీటీపీ సెంటర్‌లో ఇస్తే వాళ్ళు ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. ప్రింటు చక్కగా వస్తుంది. కానీ ఆ ఫైలు యూనికోడ్ కాదు, దాంట్లో ఒక మాట వెతకలేరు, వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, ప్లేజియారిజం సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగుగా చదవలేదు. సబ్‌మిషన్‌కి వారం ముందు యూనికోడ్‌లోకి మార్చాల్సి వచ్చిందంటే కన్వర్టర్ వేయగానే ఒత్తులు చెదురుతాయి, కొన్ని అక్షరాలు తారుమారవుతాయి, మూడొందల పేజీలు మళ్ళీ అక్షరం అక్షరం దిద్దాలి. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో మీరే టైపు చేసుకోవడం మేలు, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే కీబోర్డులు ఉన్నాయి, చేయి తిరగడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇప్పటికే అనులో ఉన్న చాప్టర్లుంటే ఇప్పుడే ఒక్కొక్కటిగా మార్పించి దిద్దుకోండి. ఫైలు ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని డీటీపీ సెంటర్ల చుట్టూ తిరగొద్దు, గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ, మీ మెయిల్‌కి మీరే పంపుకున్న కాపీ ఒకటి, ఫైలు పేరులో తేదీతో సహా.

ప్లేజియారిజం మీద యూజీసీ నిబంధనలు 2018వి. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో దిద్ది మళ్ళీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు మళ్ళీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. మూలం చెప్పి కొటేషన్లో పెట్టినవీ, రెఫరెన్సుల జాబితా, విషయసూచిక, ముందుమాట లాంటివీ లెక్కలోకి రావు. చివర్లో రిపోర్టు చూసి భయపడి మాటలు అటూ ఇటూ మార్చడం, పర్యాయపదాలు వేయడం చాలామంది చేస్తారు, దానివల్ల వాక్యం పాడవుతుంది, దొంగతనం దొంగతనంగానే ఉంటుంది. దీనికి నోట్సు రాసుకునేటప్పుడే జాగ్రత్త పడాలి: పుస్తకంలోంచి ఎత్తి రాసిన వాక్యానికి అక్కడికక్కడే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు వేయండి, మీ మాటల్లో రాసింది వేరే రంగులో రాయండి. మీరే వేసిన పేపర్లలోంచి తీసుకున్న భాగాలు కూడా పోలికలో కనిపిస్తాయి, వాటిని ఎలా లెక్కిస్తారో, గైడ్ నుంచి ఏ కాగితం కావాలో లైబ్రరీలో ముందే అడగండి. మొత్తం అయ్యేదాకా ఆగకుండా ఒక్కో చాప్టర్ అయినప్పుడల్లా చెక్ చేయించుకోవడానికి వీలుందేమో కూడా కనుక్కోండి.

పేపర్ల సంగతి. జర్నల్లో పేపర్ ప్రచురించడం తప్పనిసరి అన్న షరతును 2022 నిబంధనల్లో యూజీసీ తీసేసింది, కానీ యూనివర్సిటీ తన సొంత నియమంగా అడగొచ్చు. మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ (పీహెచ్‌డీ నియమావళి) చదవండి. అడిగితే ఒక మంచి పేపర్ పంపించి ఆ పని ముగించండి, డబ్బు తీసుకుని వారంలో వేసే జర్నళ్ళ జోలికి వెళ్ళకండి.

సబ్‌మిషన్, వైవా

ప్రీ-సబ్‌మిషన్ ప్రెజెంటేషన్‌లో వచ్చిన ప్రతి సూచనా రాసుకుని, ఏది ఏ పేజీలో ఎలా మార్చారో ఒక పట్టికగా చేసి గైడ్‌తో సంతకం పెట్టించుకోండి. నో డ్యూస్‌కి లైబ్రరీ, హాస్టల్, మెస్, ఫీజు సెక్షన్ అన్నీ తిరగాలి, ఎప్పటిదో ఒక రసీదు దొరక్క నెల పోగొట్టుకున్నవాళ్ళను చూశాను, చేరిన రోజు నుంచి ఉన్న రసీదులన్నీ ఒకే ఫైల్లో పెట్టి ఫోన్లో ఫొటోలు తీసుకోండి. బ్రహ్మోత్సవాల వారం, సంక్రాంతి ముందు వారం ఆఫీసు సంతకాలు పెట్టుకోవద్దు, ఎవరూ దొరకరు. థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చూస్తారు, సబ్‌మిషన్ నుంచి ఆరు నెలల్లో మొత్తం ప్రక్రియ పూర్తవ్వాలని నిబంధన. ఆలస్యమైతే నెలకోసారి సెక్షన్‌కి వెళ్ళి రిపోర్టులు వచ్చాయా అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు.

వైవాకి కొత్తగా చదవాల్సింది పెద్దగా ఉండదు. మీ థీసిస్‌నే బయటివాళ్ళ కళ్ళతో ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదివి, ఈ ఊళ్ళే ఎందుకు, ఈ శాంపిల్ సరిపోతుందా, ఇందులో కొత్తగా తేలింది ఏమిటి అన్న మూడింటికీ కాగితం చూడకుండా రెండేసి నిమిషాల్లో చెప్పడం జూనియర్ల ముందు సాధన చేయండి. తెలియని ప్రశ్న వస్తే 'అది నా అధ్యయనం పరిధిలోకి రాలేదు సార్' అని చెప్పొచ్చు, మొదటి చాప్టర్‌లో పరిధి స్పష్టంగా రాసి ఉంటే ఆ మాట నిలబడుతుంది.

వైవా అయిన వారమే దిద్దుబాట్లు చేసిన ఫైలు శోధ్‌గంగ కోసం ఇచ్చేసి, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. యూజీసీ నిబంధనల ప్రకారమే డిగ్రీ ఇస్తున్నట్టు ఆ సర్టిఫికెట్‌లో రాసి ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అప్లై చేసేటప్పుడు ఆ మాట ఉందా అని చూస్తారు, కాబట్టి కౌంటర్ దగ్గరే చదువుకుని, పేరు స్పెల్లింగు, థీసిస్ టైటిల్, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాకే అక్కడి నుంచి కదలండి.